నేల తగిలిందని ఎలా తెలుస్తుంది?

(ఒక గ్రంథాలయంలో తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లల ముందు ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్ చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంది. వెనక వరసల వాళ్ళకి వినపడకపోతే మొహమాటపడకుండా చెయ్యెత్తండి.

ఈయన చెంబూ తాడూ పట్టుకుని ఎందుకొచ్చాడా అని ఇందాకటి నుంచి గుసగుసలాడుకుంటున్నారు. ముందు దాని సంగతే చూద్దాం. ఎవరైనా ఒకరు పైకి రండి. నువ్వు రామ్మా. ఇలా వేదిక అంచున నిలబడు. తాడు రెండు చేతులతో పట్టుకో. చెంబులో ఇసుక పోశాను, బరువుగానే ఉంటుంది. ఇప్పుడు కళ్ళు మూసుకుని మెల్లగా కిందికి వదులు. ఇంకా... ఇంకా... ఆగావేం? నేల తగిలిందా? చూడకుండా నీకెలా తెలిసింది?

“చేతిలో బరువు పోయింది సార్.”

అదీ! వెళ్ళి కూర్చోమ్మా. ఈ అమ్మాయి అన్న మాట అందరూ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తాం. మా చిన్నప్పుడు ఇంటి వెనక బావి ఉండేది. మా నాయనమ్మ తెల్లవారకముందే, చీకట్లోనే నీళ్ళు తోడేది. చేద నీళ్ళకి తగిలిందో లేదో ఆవిడ ఏనాడూ తొంగిచూసి ఎరగదు. తాడు వదులైతే చేతికి తెలిసిపోయేది. 2012 ఆగస్టు 6న, మన గడియారం ప్రకారం ఉదయం 11 గంటల వేళ, క్యూరియాసిటీ అనే 899 కిలోల రోవర్‌ని, అంటే చక్రాల మీద తిరిగే యంత్రాన్ని, అంగారకుడి మీద దించిన యంత్రానికి కూడా నేల తగిలిన సంగతి ఈ పద్ధతిలోనే తెలిసింది. అన్ని కెమెరాలూ, రాడార్లూ ఉండగా నాయనమ్మ పద్ధతి ఎందుకు పట్టుకోవాల్సి వచ్చింది? ఇవాళ నేను చెప్పాలనుకున్నది అదే.

మొదట వేగం సంగతి. అంగారకుడి గాలిపొర అంచుకి చేరేటప్పటికి క్యూరియాసిటీ సెకనుకి దాదాపు 5.9 కిలోమీటర్ల వేగంతో ఉంది. ఆ వేగంతో పోతే హైదరాబాద్ నుంచి విశాఖపట్నానికి రెండు నిమిషాల్లోపే. అక్కడి నుంచి ఏడు నిమిషాల్లో నేల మీద కదలకుండా నిలబడాలి. పోనీ, మనం ఇక్కడ కూర్చుని రిమోట్‌తో బ్రేకు వేద్దామా? ఆ రోజు అక్కడి నుంచి రేడియో సిగ్నల్ భూమికి చేరడానికి 14 నిమిషాల దాకా పట్టింది. “గాలిపొరలోకి దిగుతున్నాను” అన్న కబురు మనకి అందేసరికి అక్కడ ఆ పని అయిపోయి ఏడు నిమిషాలు గడిచిపోయాయి. దిగితే దిగింది, పగిలితే పగిలింది. కాబట్టి ఏ క్షణాన ఏం చేయాలో ముందే ఆలోచించి యంత్రంలోనే రాసిపెట్టాలి. ఆ తర్వాత అది ఒంటరిది.

ఇంటర్ పిల్లలు ఒక చిన్న లెక్క చేయండి. గతిజ శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కదా. 5,900 మీటర్ల వేగంతో వచ్చిన నౌక, పారాచూట్ విప్పే సమయానికి 405 మీటర్ల వేగానికి తగ్గింది. భాగించి వర్గం చేస్తే రమారమి 200 వస్తుంది. అంటే తెచ్చుకున్న శక్తిలో 200 వంతులకి ఒక వంతే మిగిలింది. తక్కిన 199 వంతులూ ఖర్చుపెట్టింది గాలి. దీన్ని మనం అలవాటుగా రాపిడి అంటాం గానీ, అసలు జరిగేది వేరు. ఎదురుగా ఉన్న గాలికి పక్కకి తప్పుకునే వ్యవధి ఉండదు, నలిగిపోయి వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొట్టినప్పుడు కింద గొట్టం చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుందే, అది. ఆ వేడి 2,100 డిగ్రీల సెల్సియస్ దాకా పోవచ్చని ఇంజినీర్లు లెక్కకట్టారు.

దీన్ని తట్టుకోవడానికి నాలుగున్నర మీటర్ల వెడల్పున్న ఉష్ణకవచం పెట్టారు. మొదట అనుకున్న పదార్థం పరీక్షల్లో నిలబడలేదు. అప్పటికే చాలా దూరం వచ్చేశారు, అయినా దాన్ని వదిలేసి, కార్బన్ నారకి రెసిన్ పట్టించి చేసిన 113 పలకలతో కవచం కట్టారు. ఇది వేడిని అడ్డుకునే గోడ లాంటిది కాదు. కట్టెల పొయ్యి చూసినవాళ్ళకి వెంటనే తెలుస్తుంది. కట్టె ఒక కొస భగభగ మండుతున్నా రెండో కొస పట్టుకుని మనం ఎగదోస్తాం. పైపొర మాడి బొగ్గవుతూ, ఆవిరై పోతూ వేడిని తనతో తీసుకుపోతుంది. ఆ పలకలు అలా మాడిపోవడానికే చేసినవి.

ఇక్కడ అంగారకుడితో వచ్చిన చిక్కేమిటంటే, అక్కడి గాలి ఒత్తిడి మన దగ్గరి ఒత్తిడిలో నూరో వంతు కూడా ఉండదు. కాల్చడానికి సరిపోతుంది, ఆపడానికి చాలదు. భూమి మీదైతే కవచం, పారాచూట్ ఉంటే మనుషులే క్షేమంగా సముద్రంలో దిగుతున్నారు. చంద్రుడి మీద గాలే లేదు, మొత్తం ఇంజిన్లతోనే బ్రేకు వేయాలి, కవచంతో పనిలేదు. అంగారకుడి దగ్గర మాత్రం అడకత్తెరలో పోకచెక్క. కవచం కావాలి, పారాచూట్ కావాలి, అవి రెండూ చాలక రాకెట్ ఇంజిన్లూ కావాలి. ఒకదాని పని అయిపోగానే దాన్ని వదిలించుకుని రెండోది అందుకోవాలి. క్యూరియాసిటీ దిగేటప్పుడు ఈ విప్పుళ్ళకీ తెంపుళ్ళకీ 76 చిన్న చిన్న పేలుడు పరికరాలు వాడారు. అన్నీ చెప్పిన క్షణానికి పేలాలి.

పారాచూట్ గురించి ఎక్కువ చెప్పను, కానీ ఒక్కటి చెప్పకుండా ఉండలేను. ఇది ధ్వని వేగాన్ని మించిన వేగంలో విచ్చుకోవాలి. 2014లోనూ, 2015లోనూ హవాయి దగ్గర ఆకాశంలో, అంగారకుడి మీద మరింత బరువైనవి దించడానికి పనికొస్తాయని చేసిన పెద్ద పారాచూట్లను పరీక్షించారు. రెండుసార్లూ గుడ్డ చిరిగి పీలికలైంది. చిన్నవాటి లెక్కలు పెద్దవాటికి సరిపోవని దాంతో అర్థమైంది. అందుకే క్యూరియాసిటీ తర్వాత అంగారకుడికి పంపిన పర్సెవరెన్స్ రోవర్ కోసం రాకెట్లతో పారాచూట్లను పైకి పంపి, గాలి పల్చగా ఉన్నచోట విప్పి చూశారు. 2018 సెప్టెంబరు 7న చేసిన పరీక్షలో 81 కిలోల పారాచూట్ సెకనులో పదింట నాలుగు వంతుల్లో పూర్తిగా విచ్చుకుంది. దాని మీద పడిన లాగుడు 30 టన్నుల పైమాటే. ఒక్క కుట్టు ఊడలేదు. ఆ కుట్లు వేసిన చేతులకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది నాకు.

అంతటి పారాచూట్ కూడా నౌకని గంటకి 320 కిలోమీటర్ల వేగం దాకానే తగ్గించగలదు. నేల ఇంకా రెండు కిలోమీటర్లు ఉంటుంది. అసలు కష్టం ఈ రెండు కిలోమీటర్లలోనే ఉందని నా అభిప్రాయం. వేగాన్ని తగ్గించడం బలానికి సంబంధించిన పని. కవచం మందం పెంచవచ్చు, గుడ్డ గట్టిది వాడవచ్చు. ఇప్పుడు యంత్రానికి కావలసింది వేరు. నేల ఎంత దూరంలో ఉంది? నేనెటు వాలి ఉన్నాను? కాలు ఆనిందా, లేదా? ఈ మూడు ప్రశ్నలకి తప్పు జవాబు వస్తే, మిగతావన్నీ చక్కగా పనిచేసినా లాభం లేదు.

రెండు సంఘటనలు చెప్తాను, జాగ్రత్తగా వినండి.

1999 డిసెంబరు 3. మార్స్ పోలార్ ల్యాండర్ అని అమెరికా వాళ్ళది, అంగారకుడి దక్షిణ ధ్రువం వైపు దిగుతోంది. దానికి మూడు కాళ్ళు. కాలు నేలకి ఆనగానే తెలియడానికి కాళ్ళల్లో సెన్సర్లు పెట్టారు. సెన్సర్ “తగిలింది” అంటే ఇంజిన్లు ఆపేయాలి. తేలిక పద్ధతి, ఎవరైనా అలాగే చేస్తారు. అయితే దిగేదారిలో చాలా ఎత్తున ఉండగానే మడిచిన కాళ్ళు చాచుకోవాలి. అవి టక్కున చాచుకున్నప్పుడు వచ్చే కుదుపుని కూడా సెన్సర్ “తగిలింది” అనుకునే అవకాశం ఉంది. సాఫ్ట్‌వేర్ ఆ తప్పుడు కబురుని చెరిపేయకుండా దాచుకుంది. నేలకి 40 మీటర్ల ఎత్తుకి వచ్చాక, “ఇక కాళ్ళ సంగతి చూడు” అనే సమయం రాగానే దాచుకున్న కబురు కనపడింది. తగిలిందట! ఇంజిన్లు ఆగిపోయాయి. 40 మీటర్లంటే పదమూడు అంతస్తుల మేడ. విచారణ జరిపినవాళ్ళు అన్ని కారణాలూ వడపోసి, బహుశా జరిగింది ఇదేనని తేల్చారు. ఇంకో బాధాకరమైన సంగతి. భూమి మీద పరీక్షించినప్పుడు ఆ సెన్సర్ల వైరింగ్ తప్పుగా ఉండటంతో ఈ లోపం బయటపడలేదు. వైరింగ్ సరిచేశారు, పరీక్ష మాత్రం మళ్ళీ చేయలేదు.

రెండోది 2016 అక్టోబరు 19. ఐరోపా వాళ్ళ స్కియాపరెల్లీ. కవచం పనిచేసింది, పారాచూట్ విచ్చుకుంది, రాడార్ కూడా ఎత్తు సరిగ్గానే కొలుస్తోంది. పారాచూట్ కింద నౌక అనుకున్నదానికన్నా జోరుగా ఊగింది. ఊపు ఎంతో కొలిచే పరికరం తాను కొలవగలిగిన హద్దు దాటి, ఒక్క సెకను పాటు అదే అంకె దగ్గర నిలిచిపోయింది. ఒక్క సెకను. కంప్యూటర్ దాన్ని నిజమని నమ్మి లెక్క కొనసాగించింది. ఆ లెక్కలో నౌక తలకిందులై ఉంది. తలకిందులుగా ఉన్నాననుకుని రాడార్ కొలతతో కలిపి గుణిస్తే వచ్చిన ఎత్తు రుణసంఖ్య. అంటే నేల కన్నా కింద ఉన్నానన్నమాట! ఇక దిగిపోయాననుకుని పారాచూట్ వదిలేసింది, ఇంజిన్లు మూడు సెకన్లు మండించి ఆపేసింది, నేల మీద చేయాల్సిన పనులు మొదలుపెట్టింది. అప్పటికి నేల ఇంకా మూడున్నర కిలోమీటర్ల పైనే కింద ఉంది.

ఈ రెంటిలో ఏ ఒక్క వస్తువూ విరిగిపోలేదు, గమనించారా? యంత్రం తనకు అందిన కబురుని నమ్మింది, అంతే.

ఇప్పుడు మన తాడు దగ్గరికి వద్దాం. అంతకుముందు చిన్న రోవర్లను గాలి సంచుల్లో చుట్టి వదిలేవారు. 2004లో స్పిరిట్, ఆపర్చునిటీ అలాగే దిగాయి, ఇరవైకి పైగా గెంతులు గెంతి దొర్లుకుంటూ ఆగాయి. అవి 180 కిలోల చిల్లర బరువున్నవి. 899 కిలోల దాన్ని మోయగలిగే గాలి సంచులు లేవు. పోనీ కాళ్ళున్న ల్యాండర్ మీద రోవర్‌ని కూర్చోబెడదామా? బరువంతా పైన ఉంటుంది, రాయి మీద కాలు పడితే ఒరిగిపోతుంది. ఇంజిన్లు నేలకి దగ్గరగా మండితే మట్టిని తవ్వి పోస్తాయి, రాళ్ళు ఎగురుతాయి. అందుకని ఇంజిన్లను పైనే ఉంచి, రోవర్‌ని తాళ్ళతో కిందికి దించుదాం అన్నారు. స్కై క్రేన్ అంటారు దీన్ని. మొదటిసారి విన్నప్పుడు ఇదేం పిచ్చి ఆలోచన అనిపిస్తుంది. కానీ కూర్చుని ఒక్కొక్క చిక్కూ విప్పుకుంటూ వస్తే, మిగిలిన దారి ఇదొక్కటే.

నేల 20 మీటర్లు ఉందనగా, పైనున్న యంత్రం మూడు నైలాన్ తాళ్ళతో రోవర్‌ని ఏడున్నర మీటర్లు కిందికి వదిలింది. తాళ్ళతో పాటు ఒక కేబుల్ కూడా ఉంటుంది. ఎందుకంటే మొత్తం నడిపిస్తున్న కంప్యూటర్ రోవర్ కడుపులోనే ఉంది. కింద వేలాడుతూనే, తనని దించుతున్న యంత్రాన్ని తానే నడిపిస్తోందన్నమాట. చక్రాలు చాచుకుంది. రెండూ కలిసి సెకనుకి ముప్పావు మీటరు చొప్పున దిగాయి. మీరు మెట్లు దిగే వేగం.

మరి నేల తగిలిందని ఎలా తెలియాలి? పోలార్ ల్యాండర్ కథ అందరికీ గుర్తుంది. చక్రాలకి “తగిలింది” అని చెప్పే సెన్సర్ పెట్టలేదు. ఆ ముప్పావు మీటరు వేగం నిలబడటానికి ఇంజిన్లు ఎంత జోరుగా మండాలో కంప్యూటర్‌కి తెలుసు. రోవర్ చక్రాలు నేలకి ఆనగానే తాళ్ళ మీద బరువు పోతుంది. అదే వేగంతో దిగడానికి ఇప్పుడు ఇంజిన్లకి సుమారు సగం జోరు చాలు. ఇంజిన్లు తగ్గాయి, ఒకటి రెండు సెకన్ల పాటు తగ్గే ఉన్నాయి. అయితే కిందిది నేలే! ఒక్క కుదుపు ఈ కబురుని పుట్టించలేదు. ఒక చక్రం రాయికి తగిలి జారినా బరువు మళ్ళీ తాడు మీదకి వచ్చేస్తుంది. ఇందాక ఆ అమ్మాయి చేతికి తెలిసింది ఇదే. ఆ వెంటనే తాళ్ళు తెంపి, పైనున్న యంత్రం దూరంగా ఎగిరిపోయి 650 మీటర్ల అవతల కూలింది. అంత చేసినా ఎగిరిన గులకరాళ్ళు తగిలే కాబోలు, క్యూరియాసిటీ మీదున్న గాలి వేగం కొలిచే పరికరం ఒకటి దెబ్బతింది. ఇంజిన్లు ఇంకా దగ్గరగా ఉండుంటే?

ఎంత ఎత్తు, ఎంత వేగం అన్నవి రాడార్ చెప్పింది. ఎక్కడ దిగుతున్నానన్నది మాత్రం క్యూరియాసిటీకి తెలియదు. అందుకే 20 కిలోమీటర్ల పొడవు, 7 కిలోమీటర్ల వెడల్పు ఉన్న చదును చోటు వెతికి పెట్టారు. పర్సెవరెన్స్‌ని పంపాలనుకున్న జెజెరో బిలంలో అలా కుదరదు. ఒకప్పుడు నది వచ్చి చేరిన చోటు అది, శాస్త్రవేత్తలకి బంగారం లాంటిది. చుట్టూ కొండ చరియలు, బండలు, ఇసుక మేటలు. అందుకని రోవర్‌కి మ్యాపు ఇచ్చారు, కళ్ళు ఇచ్చారు. పారాచూట్ కింద వేలాడుతూ కిందికి ఫోటోలు తీసి, ముందే కక్ష్యలోంచి తీసిన మ్యాపుతో పోల్చి, “నేను ఇక్కడ ఉన్నాను” అని పది సెకన్లలో తేల్చుకుంది. అందుబాటులో ఉన్న మంచి చోటు ఎంచుకుని పక్కకి జరిగింది. అపోలో 11లో ఆర్మ్‌స్ట్రాంగ్ కిటికీలోంచి చూసి బండల మీద నుంచి పక్కకి నడిపాడే, ఆ పని.

2021 ఫిబ్రవరి 18న వాళ్ళకి మధ్యాహ్నం, మనకి 19వ తేదీ వేకువజాము 2 గంటల 25 నిమిషాలు. ఇంట్లో అందరూ నిద్రపోతుంటే నేను ఫోన్ సౌండు తగ్గించుకుని వంటింట్లో కూర్చుని చూశాను. ఒక్కొక్క మెట్టూ నింపాదిగా చెప్తున్నావిడ స్వాతి మోహన్. బెంగళూరులో పుట్టి ఏడాది వయసులో అమెరికా వెళ్ళారు. దారి చూపించే ఆ వ్యవస్థల బృందానికి ఆవిడే నాయకురాలు. నుదుట బొట్టు, ముఖానికి మాస్కు. “టచ్‌డౌన్ కన్ఫర్మ్‌డ్” అన్నారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ మాట వెనక 1999లో ఆగిపోయిన ఇంజిన్లున్నాయి, చిరిగిన పారాచూట్లున్నాయి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.

“సార్, మన చంద్రయాన్-2 కూడా ఇలాగే పడిపోయిందా?”

మంచి ప్రశ్న నాయనా. 2019 సెప్టెంబరు 7న దాని ల్యాండర్ విక్రమ్ చంద్రుడి మీద దిగేటప్పుడు అయిదు ఇంజిన్లు అనుకున్నదానికన్నా కాస్త ఎక్కువ జోరుగా పనిచేశాయి. ఆ తేడాలు పోగుపడ్డాయి. వాటిని సరిదిద్దుకోవడానికి వేగంగా తిరగాల్సి వచ్చింది, అంత వేగంగా తిరగనివ్వకుండా సాఫ్ట్‌వేర్‌లో హద్దు ఉంది. పైగా దిగాల్సిన చోటు 500 మీటర్ల పొడవు, 500 మీటర్ల వెడల్పే. ఇస్రో వాళ్ళు ఇవన్నీ దాచకుండా బయటకి చెప్పారు, అందుకు నాకు చాలా గౌరవం. చంద్రయాన్-3కి ఏది తప్పిపోవచ్చు అన్నదాంతో మొదలుపెట్టి డిజైన్ చేశారు. చోటుని 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకి పెంచారు. కాళ్ళు గట్టిపరిచారు. వేగాన్ని నేరుగా కొలిచే లేజర్ పరికరం కొత్తగా పెట్టారు. 2023 జూలై 14న మన శ్రీహరికోట నుంచి బయల్దేరి, ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకి దిగింది. 26 కిలోల ప్రజ్ఞాన్ రోవర్ దాంట్లోంచి మెల్లగా నడిచి కిందికి వచ్చింది.

“ఈ స్కై క్రేన్‌ని మొత్తంగా భూమి మీద ముందే పరీక్షించలేదా సార్?”

లేదమ్మా, కుదరదు. ఇక్కడ బరువు రెండున్నర రెట్ల పైనే, గాలి నూరు రెట్ల చిక్కన. కవచాన్ని ఒకచోట, పారాచూట్‌ని ఒకచోట, ఇంజిన్లను ఒకచోట, రాడార్‌ని హెలికాప్టర్‌కీ విమానానికీ కట్టి ఇంకోచోట పరీక్షించారు. అన్నీ కలిసి మొదటిసారి పనిచేసింది అంగారకుడి మీదే.

“వదిలేసిన పారాచూట్, రోవర్‌ని పైనుంచి కప్పిన డొప్ప ఏమయ్యాయి?”

అక్కడే ఉన్నాయి. పర్సెవరెన్స్‌తో పాటు వెళ్ళిన ఇంజెన్యుటీ అనే బుల్లి హెలికాప్టర్ 2022 ఏప్రిల్ 19న వాటి మీదుగా ఎగిరి ఫోటోలు తీసింది. డొప్ప గంటకి 126 కిలోమీటర్ల వేగంతో పడి పగిలి ఉంది. పక్కన మట్టి కప్పుకున్న పారాచూట్, దాని 80 తాళ్ళూ తెగకుండా ఉన్నట్టు కనపడ్డాయి. తర్వాత పంపబోయే వాటికి ఏం మార్చాలో చూసుకోవడానికి ఆ ఫోటోలు ఇంజినీర్లు అడిగి తీయించుకున్నారు.

ఇంకా అరగంట ఉందంటున్నారు. చెంబు ఇక్కడే ఉంది. ఒక్కొక్కరే వరసగా రండి, తోసుకోకండి. కళ్ళు మూసుకోవాలి, ముందే చెప్తున్నాను. ఈసారి కింద ఇటుక ఒకటి పెడుతున్నాను. చెంబు ఇటుక అంచుకి తగిలిందా, నేలకి ఆనిందా అన్నది తాడు పట్టుకుని మీరే చెప్పాలి.